ఆకాశంలో ఏడుగురు



పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంట్లో అందరమూ టీవీ ముందు కూర్చున్నాము. రెండవ ప్రపంచ యుద్ధం గురించి ఏదో పాత సినిమా వస్తోంది. నాలుగేసి ఇంజన్ల విమానాలు బారులు తీరి వెళ్ళడం, కింద ఊళ్ళు తగలబడడం చూపిస్తున్నారు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి ఉన్నట్టుండి మా వైపు తిరిగి, "నాన్నా, ఆ విమానాల్లో ఉన్నవాళ్ళు మంచివాళ్ళా, చెడ్డవాళ్ళా?" అని అడిగాడు.

సండేస్కూలు పిల్లల ప్రశ్నలకు ఏళ్ళ తరబడి జవాబులు చెప్పిన మాకు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తోచలేదు. "చదివి చెబుతాంలేరా" అని తప్పించుకున్నాము. కాని వాడు మరిచిపోయే రకం కాదు. అందుచేత నిజంగానే చదవవలసి వచ్చింది. చదివినది ఈ నెల మీతో కూడా పంచుకోవాలనిపించింది.

ఇంతవరకు బాంబుల కథ మాకు కింద నుండే తెలుసు. మా అమ్మమ్మగారిది కాకినాడ. 1942లో ఈస్టరు ఏప్రిల్ 5న వచ్చింది. ఆ మరునాడు సోమవారం, ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె కట్టుకొని, పసిపిల్లలను చంకన వేసుకొని పల్లెలకు వెళ్ళిపోయారట. విమానం మోత వినబడితే చాలు, ముసలితనంలో కూడా అమ్మమ్మగారు చేతిలోని పని ఆపి పైకి చూసేవారు. పైన ఉన్నవాడు ఎవరో, వాడికీ ఒక అమ్మ ఉందో లేదో అని ఆమె గాని మేము గాని ఎన్నడూ తలచలేదు.

చదవడం మొదలుపెట్టగానే మాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఒకటి ఉంది. ఆ యుద్ధంలో బ్రిటిషు వైమానిక దళం చేసిన మొట్టమొదటి బాంబు దాడికి ముందు నడిచిన దళం పేరులో మన హైదరాబాదు ఉంది! మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1918లో, నిజాం నవాబుగారు ఒక దళానికి విమానాలు కొనిపెట్టారు. అందుకు కృతజ్ఞతగా దానికి 110వ హైదరాబాదు స్క్వాడ్రన్ అని పేరు పెట్టారు. 1939 సెప్టెంబరు 3న యుద్ధం ప్రకటించారు. మరునాడే ఈ దళంలోని 5 బ్లెన్‌హైమ్ విమానాలు జర్మనీ యుద్ధనౌకల మీదికి వెళ్ళాయి. వెనుక 107వ దళానివి మరో 5 వెళ్ళాయి. మొత్తం పదింటిలో తిరిగి వచ్చినవి అయిదే. యుద్ధం ఎలా ఉండబోతుందో ఆ మొదటి రోజే తెలిసిపోయింది.

ఆ తరువాత పెద్ద విమానాలు వచ్చాయి. వాటిలో పేరెన్నికగన్నది లాంకాస్టర్. దానిలో ఏడుగురు వెళ్ళేవారు. పైలట్ ఒకరు, ఇంజన్లు చూసుకునే ఫ్లైట్ ఇంజనీరు ఒకరు, దారి లెక్కలు కట్టే నావిగేటర్ ఒకరు, బాంబులు గురిచూసి వదిలేవాడు ఒకడు, వైర్‌లెస్ ఆపరేటర్ ఒకడు, నడినెత్తి మీద గాజు గూటిలో ఒక గన్నర్, తోక చివర మరో గన్నర్. ఎక్కువమంది ఇరవై, ఇరవై రెండేళ్ళ కుర్రవాళ్ళు. గుమాస్తాలు, కమ్మరులు, బడిపంతుళ్ళు, రైతుబిడ్డలు. ఇంగ్లండు నుండే కాదు, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండు, పోలండు, వెస్టిండీస్ దీవుల నుండి కూడా వచ్చారు. ఈ పనికి ఎవరినీ బలవంతాన పట్టుకుపోలేదు. అందరూ తమంతట తాము చేరినవాళ్ళే.

ఈ ఏడుగురిని ఒకచోట చేర్చిన పద్ధతి చదివి మాకు నవ్వు వచ్చింది. శిక్షణ కేంద్రంలో ఇంతమంది పైలట్లను, ఇంతమంది నావిగేటర్లను, ఇంతమంది గన్నర్లను ఒక పెద్ద షెడ్డులోకి తోలి, "మీలో మీరే జట్లు కట్టుకోండి" అని చెప్పి వదిలేసేవారట. ముఖం చూసి, ఒక మాట మాట్లాడి, "మా జట్టులోకి వస్తావా?" అని అడగడమే. మన పెళ్ళిచూపుల్లో ఇంతకంటే ఎక్కువ విచారణ జరుగుతుంది! అయినా అలా కుదిరిన జట్లు సొంత అన్నదమ్ములకంటే దగ్గరయ్యేవి. ఎందుకంటే ఒకరి ప్రాణం మరొకరి చేతిలో ఉండేది. నావిగేటర్ లెక్క తప్పితే ఏడుగురూ పోతారు. తోక గన్నర్‌కు కునుకు పడితే ఏడుగురూ పోతారు.

వాళ్ళ రాత్రి ఎలా గడిచేదో కొంచెం చెబుతాము. సాయంకాలం పటం ముందు కూర్చోబెట్టి ఆ రాత్రి వెళ్ళవలసిన ఊరు చెప్పేవారు. బయలుదేరే ముందు గాని, తిరిగి వచ్చాక గాని కోడిగుడ్డుతో భోజనం పెట్టేవారు. యుద్ధకాలపు రేషను రోజుల్లో ఇంగ్లండులో కోడిగుడ్డు ఎంతో అపురూపం. తరువాత వేల గ్యాలన్ల పెట్రోలు, టన్నుల కొద్దీ బాంబులు మోస్తూ విమానం నేల విడవాలి. ఆ క్షణంలో ఒక ఇంజను ఆగినా అంతే సంగతులు. శత్రువు ఇంకా కనుచూపు మేరలో లేకముందే మొదటి గండం అదీ.

ఇరవై వేల అడుగుల ఎత్తున గాలి చాలదు. ఆక్సిజన్ గొట్టం గడ్డకట్టినా, ఊడినా మనిషి తనకు తెలియకుండానే స్పృహ తప్పుతాడు. ఇక చలి. సున్నాకు కింద నలభై డిగ్రీల దాకా పోయేది. తోక గన్నర్ గతి మరీ కష్టం. మిగిలిన ఆరుగురికీ దూరంగా, ఇరుకు గూటిలో, ఏడెనిమిది గంటలు ఒక్కడే చీకట్లోకి చూస్తూ కూర్చోవాలి. పారాచూట్ కట్టుకొని కూర్చోవడానికి అందులో చోటు ఉండేది కాదు. దాన్ని వెనుక విమానం గోడకు తగిలించుకునేవాడు. ప్రమాదం వస్తే గూటి తలుపు తీసి, దాన్ని అందుకొని, తగిలించుకొని, అప్పుడు దూకాలి.

జర్మనీ మీదికి చేరాక కింద నుండి సెర్చిలైట్లు, ఫిరంగులు. అన్నిటికంటే భయంకరమైనవి రాడార్‌తో చీకట్లో వెతుక్కుంటూ వచ్చే ఫైటర్ విమానాలు. 1943 ద్వితీయార్ధం నుండి వాటిలో కొన్నిటికి పైకి కాల్చే తుపాకులు అమర్చారు. అవి లాంకాస్టర్ పొట్ట కిందికి నిశ్శబ్దంగా వచ్చి కాల్చేవి. ఆ పొట్ట వైపు చూడడానికి చాలా విమానాల్లో కిటికీ కూడా లేదు. పక్కన వెళ్తున్న విమానం ఎందుకు పేలిపోయిందో మిగిలినవాళ్ళకు నెలల తరబడి అంతుచిక్కలేదు.

ఒక జట్టు 30 దాడులు పూర్తి చేస్తే కొంతకాలం విశ్రాంతి ఇచ్చేవారు. వినడానికి చిన్న సంఖ్యే. 1943-44 శీతాకాలంలో బెర్లిన్ మీదికి వెళ్ళినప్పుడు ఒక్కో దాడిలో నూటికి అయిదుకు పైగా విమానాలు పోయాయి. నూటికి అయిదు చొప్పున ముప్పైసార్లు లెక్క కట్టి చూడండి. చివరికి మిగిలేది నూటికి 21 మందే. మా అబ్బాయి క్యాలిక్యులేటర్ తీసి నొక్కి చూసి చాలాసేపు మాట్లాడలేదు. 1944 మార్చి 30 రాత్రి న్యూరెంబర్గ్ మీదికి 795 విమానాలు వెళ్ళాయి. వెన్నెల బాగా కాసింది. 95 విమానాలు తిరిగి రాలేదు. యుద్ధం ముగిసేసరికి ఈ దళంలో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు. నూటికి 44 మందన్నమాట.

చదివినవాటిలో మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టినది ఒక తలుపు కథ. ఫ్రీమన్ డైసన్ అనే శాస్త్రజ్ఞుని పేరు కొందరు విని ఉంటారు. కుర్రతనంలో ఆయన ఈ బాంబర్ దళం కార్యాలయంలో లెక్కలు చూసే ఉద్యోగం చేశారు. కూలిన విమానాల నుండి ఎంతమంది ప్రాణాలతో బయటపడుతున్నారని అక్కడ లెక్క తీశారు. పాత రకం హాలిఫాక్స్ విమానం నుండి నూటికి సుమారు 25 మంది బయటపడుతున్నారు. అన్నిటికంటే గొప్పదనుకున్న లాంకాస్టర్ నుండి 15 మందే! కారణం వెతికితే, దూకవలసిన తలుపు దగ్గరికి వచ్చింది లెక్క. హాలిఫాక్స్ తలుపు వెడల్పు 24 అంగుళాలు, లాంకాస్టర్‌ది 22. మందపాటి కోట్లు, బూట్లు, పారాచూట్ కట్టుకున్న మనిషి చీకట్లో, గిర్రున తిరుగుతున్న విమానంలో ఆ రంధ్రంలో నుండి దూరాలి. ఆ రెండు అంగుళాలు పెంచమని ఆయన సహోద్యోగి ఒకాయన పోరాడారు. పెద్ద తలుపు ఒప్పుకునేసరికి కాలం మించిపోయింది. రెండు అంగుళాలంటే మన బొటనవేలి పొడవు. దానికి వేల ప్రాణాలు పోయి ఉంటాయని డైసన్ తన జీవితాంతం బాధపడ్డారు.

ఇన్ని చావుల మధ్య ఆశ్చర్యంగా బతికినవాళ్ళూ ఉన్నారు. 1944 మార్చి 24 రాత్రి బెర్లిన్ నుండి వస్తుండగా నికొలస్ ఆల్కమేడ్ అనే తోక గన్నర్ విమానం అంటుకుంది. వెనక్కి తిరిగి చూస్తే పారాచూట్ కాలిపోతోంది. మంటల్లో చావడం ఇష్టంలేక, పారాచూట్ లేకుండానే 18,000 అడుగుల ఎత్తు నుండి దూకేశాడు. కింద దేవదారు చెట్లు, వాటి కింద మెత్తటి మంచు. కొమ్మలు విరుచుకుంటూ మంచులో పడ్డాడు. కాలు బెణికింది, అంతే! జర్మనులు మొదట నమ్మలేదు. కూలిన విమానంలో కాలిన పారాచూట్ దొరికాక నమ్మారు. అతని జట్టులో పైలట్‌తో సహా నలుగురు మాత్రం చనిపోయారు.

నార్మన్ జాక్సన్ అనే ఫ్లైట్ ఇంజనీరు తన 30 దాడులూ ముగించాడు. ఇంటికి వెళ్ళవచ్చు. ఆనాడే భార్య మగబిడ్డను కన్నదని కబురు కూడా వచ్చింది. కాని తన జట్టు వాళ్ళవి ఇంకా ముగియలేదు. వాళ్ళతో కలిసే ముగించాలని 1944 ఏప్రిల్ 26 రాత్రి మరోసారి బయలుదేరాడు. రెక్కలోని పెట్రోలు ట్యాంకు దగ్గర మంట లేచింది. మంటలార్పే సాధనం కోటులో దోపుకొని, ఆ ఎత్తున, ఆ వేగంలో, రెక్క మీదికి పాకాడు. లోపలే తెరుచుకున్న అతని పారాచూట్ తాళ్ళను మిత్రులు పట్టుకొని కొద్దికొద్దిగా వదులుతున్నారు. మంట అతని చేతులను, ముఖాన్ని కాల్చింది. కాలుతున్న పారాచూట్‌తోనే కింద పడ్డాడు. బతికి, నెలల తరబడి ఆస్పత్రిలో ఉండి, ఆ బిడ్డను చూడడానికి ఇల్లు చేరాడు. అతని పైలట్, తోక గన్నర్ చేరలేదు.

ఆండ్రూ మైనార్స్కీ కెనడా కుర్రవాడు. పోలండు నుండి వలస వెళ్ళిన కుటుంబం వాళ్ళది. 1944 జూన్ 12 రాత్రి ఫ్రాన్సు మీద విమానం అంటుకున్నప్పుడు దూకడానికి తలుపు దగ్గరికి వచ్చాడు. తోక గూటిలో స్నేహితుడు పాట్ బ్రోఫీ ఇరుక్కుపోవడం కనబడింది. దూకకుండా మంటల్లో నుండి మోకాళ్ళ మీద అతని దగ్గరికి వెళ్ళాడు. గొడ్డలితో కొట్టాడు, చేతులతో పీకాడు. గూడు కదలలేదు. బట్టలకు నిప్పంటుకుంది. "నువ్వు వెళ్ళిపో" అని బ్రోఫీ చేతితో సైగ చేశాడు. మైనార్స్కీ స్నేహితుని మీద నుండి చూపు తిప్పకుండా వెనక్కి నడిచి, తలుపు దగ్గర నిలబడి సెల్యూట్ చేసి దూకాడు. కాలిన గాయాలతో చనిపోయాడు. విమానం నేలను తాకినప్పుడు తోక విరిగి బ్రోఫీ బయటికి విసిరివేయబడ్డాడు. అతడు బతికాడు! మిగిలిన అయిదుగురూ బతికారు. ఏడుగురిలో పోయినది ఒక్కడే. జరిగినది చెప్పడానికి బ్రోఫీ ఒక్కడే సాక్షి. అతడు చెప్పినందునే 1946లో మైనార్స్కీకి విక్టోరియా క్రాస్ ప్రకటించారు. స్నేహితుని కోసం ప్రాణం పెట్టడం గురించి గుడిలో ఎన్నోసార్లు విన్నాము. ఆ మోకాళ్ళ నడక తలచుకున్నాక ఆ మాట మాకు కొత్తగా వినిపించింది.

అందరూ మైనార్స్కీలు కాలేరు. పది దాడులు, పదిహేను దాడులు చేశాక ఇక విమానం ఎక్కలేకపోయినవాళ్ళు ఉన్నారు. చేతులు వణికేవి, నిద్ర పట్టేది కాదు. ఇవాళ డాక్టరు దగ్గరికి తీసుకువెళతాము. ఆనాడు అలాంటివాళ్ళలో కొందరి కాగితాల మీద "మనోస్థైర్యం లేనివాడు" అని రాసేవారు. హోదా తీసేసి, ఛాతీ మీది రెక్కల గుర్తు ఊడదీసి పంపించేవారు. పదిహేనుసార్లు మృత్యువు నోట్లోకి వెళ్ళి వచ్చినవాడు పిరికివాడా? మన ఇళ్ళలో కూడా అలసిపోయినవాడికి "సోమరి" అని, భయపడినవాడికి "పిరికి" అని ముద్ర వేయడం మనకు ఎంత తేలిక! ఆ ముద్ర మోసేవాడికే తెలుసు దాని బరువు.

ఇక్కడితో ఆపితే మా అబ్బాయికి సగం జవాబే చెప్పినట్టవుతుంది. ఆ విమానాలు మోసుకువెళ్ళిన బాంబులు ఎవరి మీద పడ్డాయి? 1943 జూలై ఆఖరున హాంబర్గ్ పట్టణంలో మంటలు సుడిగాలిలా లేచాయి. కొద్ది రోజుల్లో ముప్పై అయిదు వేలకు పైగా జనం చనిపోయారు. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, చంటిపిల్లలు. దీనికి ముందు జర్మనీ విమానాలు లండన్ మీద, కొవెంట్రీ మీద ఇలాగే బాంబులు వేశాయన్నది నిజం. 1940 నవంబరు 14న కొవెంట్రీలో అయిదు వందలకు పైగా చనిపోయారు. పెద్ద దేవాలయం బూడిదైంది. యూదులను లక్షలాదిగా చంపుతున్న ప్రభుత్వాన్ని ఆపాలన్నదీ నిజం. కాని కొవెంట్రీ తల్లి కన్నీరు హాంబర్గ్ తల్లి కన్నీటితో ఆరుతుందా?

ఈ ప్రశ్న ఆనాడే అడిగిన దైవజనుడు ఒకరున్నారు. ఆయన చిచెస్టర్ బిషప్ జార్జ్ బెల్. 1944 ఫిబ్రవరి 9న బ్రిటిషు ప్రభువుల సభలో లేచి, సైనిక స్థావరాలను కొట్టడం వేరు, ఊళ్ళకు ఊళ్ళను తగలబెట్టడం వేరు అని వాదించారు. ఆయన హిట్లరుకు మొదటి నుండీ విరోధి. జర్మనీ నుండి పారిపోయి వచ్చినవాళ్ళను ఆదరించినవారు. అయినా యుద్ధం మధ్యలో ఆ మాట అన్నందుకు చాలామంది ఆయనను తిట్టారు. ఆయన మాత్రం విమానాల్లోని కుర్రవాళ్ళను నిందించలేదు. పంపించినవాళ్ళను ప్రశ్నించారు. ఈ తేడా మనం గుర్తించాలి.

యుద్ధం చివరిలో, 1945 ఫిబ్రవరి 13 రాత్రి, డ్రెస్డెన్ పట్టణం మీద దాడి జరిగింది. ఆ దాడుల్లో 25,000 మంది దాకా చనిపోయారని చరిత్రకారుల సంఘం 2010లో లెక్క తేల్చింది. అక్కడి ఫ్రావెన్‌కిర్చె అనే గొప్ప దేవాలయం రెండు రోజులు మంటల్లో నిలిచి, 15వ తేదీ ఉదయం కూలిపోయింది. దాదాపు అర్ధశతాబ్దం రాళ్ళకుప్పగా పడి ఉంది. తిరిగి కట్టడం మొదలుపెట్టినప్పుడు గోపురం మీది బంగారు శిలువను చేయించి ఇవ్వడానికి ఇంగ్లండు వాళ్ళు చందాలు వేసుకున్నారు. దాన్ని చేసిన లండన్ పనివాడి పేరు ఆలన్ స్మిత్. ఆయన తండ్రి ఫ్రాంక్ స్మిత్ ఒకప్పుడు బాంబర్ విమానం పైలట్. ఎక్కడికి వెళ్ళాడో తెలుసా? ఆ డ్రెస్డెన్ మీదికే. తండ్రి బాంబులు వేసిన ఊరికి కొడుకు తన చేతులతో శిలువ చేసి ఇచ్చాడు. 2004లో దాన్ని గోపురం మీదికి ఎత్తారు. 2005 అక్టోబరు 30న ఆ దేవాలయాన్ని తిరిగి ప్రతిష్ఠించారు.

లండన్‌లో బాంబర్ దళానికి స్మారకం కట్టడానికి 2012 దాకా పట్టింది. అన్నాళ్ళు ఆ చనిపోయిన కుర్రవాళ్ళ గురించి బహిరంగంగా మాట్లాడడానికి దేశం సిగ్గుపడింది. ఆ ఏడు జూన్ 28న ఎలిజబెత్ రాణి దాన్ని ఆవిష్కరించారు. దాని మీద తమ కుర్రవాళ్ళతో పాటు, 1939 నుండి 1945 దాకా బాంబు దాడుల్లో పోయిన అన్ని దేశాల ప్రజలను కూడా తలచుకున్నారు. ఆలస్యమైనా, మంచిమాట చెక్కారు.

ఇదంతా ఒక రాత్రి మా అబ్బాయికి చెప్పాము. మంచివాళ్ళా, చెడ్డవాళ్ళా అన్నదానికి మేము ఇచ్చిన జవాబు ఇది: వాళ్ళు ఒకరికోసం ఒకరు ప్రాణాలు పెట్టారు. ఆ చేతులతోనే ఊళ్ళు కాలాయి. రెండూ నిజం. ఒకటి చెప్పి ఒకటి దాచకూడదు. వాడు కొంచెంసేపు ఆలోచించి, "ఆ శిలువ చేసినాయనకి వాళ్ళ నాన్న అంతా చెప్పే ఉంటాడు కదా నాన్నా?" అన్నాడు. అవునురా, చెప్పకపోతే ఆ కొడుక్కి తెలిసేది కాదు కదా అన్నాము.

పాఠకులారా, మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే, వాళ్ళు చూసిన కష్టకాలం గురించి ఈ నెలలో ఒక సాయంకాలం అడగండి. యుద్ధం కానక్కరలేదు. కరవు కావచ్చు, తుఫాను కావచ్చు, ఊరు విడిచి వెళ్ళిన రోజు కావచ్చు. వాళ్ళు చేసిన మంచి చెబుతారు. అడిగే తీరులో ప్రేమ ఉంటే, చేయకుండా ఉండవలసింది కూడా చెబుతారు. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని వినండి. మా అమ్మమ్మగారిని మేము అడగకుండానే పోగొట్టుకున్నాము.